ఆకుతో పాటు పేరునూ దాచుదాం

మన ఆవరణలో బాదం చెట్లు ఎర్రబడ్డాయి. రాలిన ఆకులను ఏరి నోటుబుక్కుల్లో పెట్టుకునేవాళ్ళను రోజూ చూస్తున్నాను. అది చిన్నపిల్లల సరదా అని నవ్వేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఆకును దాచడం మనకు కొత్త కాదు. తాటాకును ఉడకబెట్టి, ఆరబెట్టి, గంటంతో రాసి, మసి పూసి, నూనె పట్టించి కాపాడారు కాబట్టే మన కావ్యాలు ఎన్నో మిగిలాయి. తంజావూరు సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. మా అవ్వ మోదుగాకులతో విస్తళ్ళు కుట్టి, బరువు కింద అణచి, ఎండబెట్టి, కట్టలు కట్టి అటకెక్కించేది. ఏడాది పొడుగునా పనికొచ్చేవి.

దాచడానికి కాస్త శ్రద్ధ కావాలి. తడిలేని ఆకునే తీసుకోండి. నున్నటి కాగితం తేమను పీల్చదు; పాత దినపత్రిక మడతల్లో పెట్టి, పైన లావుపాటి నిఘంటువు పెట్టండి. మొదటి నాలుగు రోజులూ కాగితం మార్చాలి, లేకుంటే బూజు పడుతుంది. రెండు వారాల్లో ఆకు ఆరిపోతుంది. ఎండ తగిలితే ఎరుపు వెలిసిపోతుంది. రావి ఆకునైతే కొన్ని వారాలు నీళ్ళలో నాననిచ్చి, మధ్యమధ్య నీళ్ళు మారుస్తూ, చివర మెత్తని బ్రష్షుతో మెల్లగా రుద్దితే పసరు కండ పోయి ఈనెల వల మిగులుతుంది.

నా అసలు మాట వేరే ఉంది. ఆకు కింద పేరు రాసేవాళ్ళు ఎందరు? మొన్న తరగతిలో అడిగి చూశాను. రావిని అరసమరం అన్నారు. కానుగ పుంగమరం అయింది, గంగరావి పూవరసు అయింది. అందరమూ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళమే! తమిళ పేర్లు తెలియడం మంచిదే, మనం బతికే నేల భాష అది. వాటినీ రాద్దాం. కాని తెలుగు పేర్లు మన ఇళ్ళలో అవ్వల దగ్గరే ఆగిపోతున్నాయి. నిఘంటువు ఉందిగా అంటారేమో. పాత నిఘంటువుల్లో చాలా పేర్లకు ‘వృక్షవిశేషము’ అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు ఏ చెట్టుదో వేలుపెట్టి చూపించేది మనిషే. ఆ మనుషులు ఉండగానే అడగాలి.

అందుకే ఒక సూచన. సెలవులకు ఇంటికి వెళ్ళినవాళ్ళు ఒక్కొక్క ఆకు తీసుకురండి. అట్టకు అంటించి, కింద తెలుగు పేరు, తమిళ పేరు, చెప్పినవారెవరు, తేదీ రాయండి. వచ్చే సంచికలో ఈ గోడ మీద ఒక మూల వాటికి ఇద్దాం. కానుగాకు నేను తెస్తాను, మిగతావి మీరు తెండి.