క్రొత్త చిరునామాలు, పాత జాప్యము

ఇంటర్నెట్టుతో సంధానమగు ప్రతి యంత్రమునకును సంఖ్యారూపమగు చిరునామా యొకటి కావలెను. ఆ చిరునామాల మూలభాండారము 2011వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీననే అడుగంటినది. ఐపీవీ4 అను నాలుగవ కూర్పు 1981లో స్థిరపడినపుడు 32 బిట్ల సంఖ్య చాలునని దాని నిర్మాతలు తలంచిరి. ఆ లెక్కకు లభించునవి మొత్తము 429 కోట్లు. నేటి ప్రపంచ జనసంఖ్యకైనను చాలవు.

పోనీ, ఆ యున్నదైనను సమముగా పంచబడెనా? అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాపీఠ మొక్కటియే 1 కోటి 67 లక్షల చిరునామాలను పొందినది. అందు కొంతభాగమును 2017లో విక్రయించినది కూడ. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము తనకు దక్కిన అంతటి భాగమును తిరిగి యిచ్చివేసినదని చెప్పకపోవుట అన్యాయమగును. కాని యట్టి యౌదార్యము అరుదు. ఆలస్యముగా పంక్తికి వచ్చిన మనవంటి దేశములకు మిగిలినది, ఒక్క చిరునామాను అనేక గృహములకు ఉమ్మడిగా వాడుకొనుట.

ఈ యుమ్మడివలన కలుగు నష్టము స్వల్పము కాదు. ఇంటివారు వెలుపలికి పోగలరేగాని వెలుపలివారు నేరుగా ఆ యింటి తలుపు తట్టజాలరు. తన గదిలోని యంత్రమునుండియే చిన్న పత్రికను నడుపదలచిన యువకుడు పరుల సర్వరును అద్దెకు తీసికొనవలసివచ్చును. ఒకడు చేసిన దుశ్చేష్టకు అదే చిరునామాను పంచుకొన్న వారందఱకును వెబ్‌సైట్ల ద్వారములు మూతపడును. వినుటయేగాని పలుకుటకు తావులేని ప్రజగా మనము నిలిచిపోవలసినదేనా?

1998లో రూపొందిన ఐపీవీ6 ఈ కఱవును తీర్పగలదు. దీని సంఖ్యకు 128 బిట్లు. ఒక్క గృహమునకే పాతకూర్పు సర్వస్వమును మించిన చిరునామాలు లభించును. చిక్కొక్కటే: ఈ రెండు కూర్పులకు ఒకదాని మాట యొకదానికి తెలియదు. కొంతకాలము రెండింటిని నడుపుటయో, నడుమ దుబాసీని నిలుపుటయో తప్పదు. ఈ శ్రమకు జంకక జియో సంస్థ 2016లో తన సేవ నారంభించినపుడే క్రొత్తకూర్పు నవలంబించెను. దాని వాడుకలో భారతదేశము నేడు అగ్రశ్రేణిని ఉన్నది. లాభాపేక్షయే హేతువైనను ఫలము ఫలమే!

మఱి ప్రభుత్వమో? కేంద్ర, రాష్ట్ర శాఖలన్నియు 2012 మార్చి నాటికి ఐపీవీ6ను వాడ నారంభింపవలెనని టెలికాం శాఖవారు 2010 జూలైలో ప్రణాళిక ప్రకటించిరి. 2013 నాటి ప్రణాళిక, పని ముగించుటకు 2017 డిసెంబరును గడువుగా చూపెను. 2021 నవంబరులో అదియు 2022 జూన్ 30కి జరుపబడెను. గడువులు వ్రాయుటయందలి యీ శ్రద్ధ నిర్వహణమునందు కానరాదు. ఏ శాఖ పని ముగించినదో, ఏది ముగింపలేదో పేరుపేరున ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.

ఆ 2021 నాటి ఉత్తరువే, 2022 డిసెంబరు 31 తరువాత గృహస్థుల కిచ్చు ప్రతి క్రొత్త తీగె కనెక్షనునకును ఐపీవీ6 ఉండవలెనని శాసించినది. మన పట్టణములలో కేబులు ద్వారా ఇంటర్నెట్టు నిచ్చువారిని, నెలసొమ్ము చెల్లించునపుడు, దానినిగూర్చి మన పాఠకులు నిలదీసి అడుగవలెను.