వెనుక కూర్చుండువారి ప్రాణములు

భారతయుద్ధము ముగిసిననాడు వాసుదేవుడు అర్జునుని ముందుగా రథము దిగుమని చెప్పి, అతడు దిగిన పిమ్మటనే తాను దిగెననియు, వెంటనే ఆ రథము భస్మమయ్యెననియు శల్యపర్వము చెప్పుచున్నది. పగ్గములు చేతబట్టినవాడు తన్ను నమ్మి కూర్చున్నవానిని ముందుగా కాపాడుట మన పెద్దలెరిగిన సారథిధర్మము. నేటి రహదారులమీద ఆ ధర్మము తలక్రిందులైనది. మోటారు సైకిలు నడపువాడు శిరస్త్రాణము ధరించును. వెనుక భార్య వట్టితలతో కూర్చుండును. ఇరువురి నడుమ పసిబిడ్డ యుండును.

ఇది అతిశయోక్తి గాదు. కేంద్ర రవాణాశాఖవారి లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున దేశమందలి రహదారి ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 100కి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారే. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది కాగా, వారిలో 14,337 మంది బండి నడపినవారు కారు, ఊరక ఎక్కి కూర్చున్నవారు. వేగము వీరి చేతిలో లేదు, బ్రేకు వీరి కాలిక్రింద లేదు. అయినను ప్రాణములు పోయినవి.

వెనుకవారికి గలుగు అపాయముయొక్క స్వభావమే వేరు. నడపువాడు గుంతను ముందుగా చూచును. చేతికమ్మిని గట్టిగా పట్టియుండును. వెనుకవారికి ఈ రెండును లేవు. స్పీడు బ్రేకరుమీద బండి ఎగిరినంతనే ఒకవైపుగా కూర్చున్న స్త్రీ వెనుకకు బడును. తల వెనుకభాగము నేలకు తాకును. పైకి నెత్తుటిచుక్క కనబడకున్నను లోపల రక్తస్రావము జరుగుచుండవచ్చును. లేచి కూర్చుండి “నాకేమియు కాలేదు” అనినవారిలో కొందరు కొన్ని గంటలలోనే స్మృతి దప్పుదురు. చీరకొంగో చున్నీయో చక్రమున చిక్కి ప్రాణము మీదికి తెచ్చును. పసివారి మడమలు స్పోకులనడుమ నలిగిపోవును.

ఇక పందెపుబాటలకై చేసిన డర్టు బైకులను వీధులలో నడపుట కొందరు యువకులకు వేడుకయైనది. అట్టి పందెపు బండ్లకు దీపములుండవు. వెనుకవాడు కాలు మోపుటకు ఆధారముండదు. ఒక్కనికై చేసిన బండిపై మిత్రుని నెక్కించుకొనుట మైత్రి యనిపించుకొనదు.

శాసనము లేకపోలేదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 129వ సెక్షను నడపువానికివలెనే వెనుకవానికిని శిరస్త్రాణమును విధించినది. ఒకరికి మించి వెనుక కూర్చుండబెట్టరాదని 128వ సెక్షను శాసించుచున్నది. పట్టుకొనుటకు పిడియు, కాలు మోపుటకు ఆధారమును, వెనుక చక్రమున సగమునకు తక్కువగాని కప్పును ఉండవలయునని 1989 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. అందము చెడునని ఆ కప్పును ఊడదీయించువారు మనలో లేరా? నాలుగేండ్లలోపు బిడ్డను నడపువానికి బంధించియుంచు పట్టీని, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగమును విధించుచు 2022లో వెలువడిన నిబంధనను ఎన్ని కుటుంబములెరుగును?

అంతకు మించిన అన్యాయము బీమాలో గలదు. చట్టము నిర్బంధించినంతమట్టుకే తీసికొను థర్డు పార్టీ పాలసీ ఆ బండిమీదనే వెనుక కూర్చున్నవారికి వర్తింపదని సుప్రీంకోర్టు 2006లో తీర్పుచెప్పినది. తప్పు ఎదుటి వాహనముదైనచో దాని బీమావలన పరిహారము రావచ్చును. తానెక్కిన బండియే జారిపడినచో, ఎక్కువ రుసుము చెల్లించి తీసికొన్న ప్యాకేజి పాలసీ లేనప్పుడు, ఆ కుటుంబము పొలము తాకట్టుబెట్టి వైద్యము చేయించుకొనవలసినదే. వేగముమీద అధికారము లేనివానికే పరిహారముమీద హక్కు లేకుండుట ఎక్కడి న్యాయము? ఈ లోపమును పార్లమెంటు సవరింపవలయునని మా అభిప్రాయము.

ఉక్కపోతయనియు, కొప్పునకు అడ్డమనియు, దగ్గరి ప్రయాణమే గదాయనియు చెప్పు సాకులు మేమెరుగనివి కావు. హెల్మెట్టు మరణభయమును 100కి 42 పాళ్లు, తలగాయముల భయమును 69 పాళ్లు తగ్గించునని పరిశోధకులు తేల్చిన పిమ్మట ఈ సాకులకు తావులేదు. అయితే ప్రభుత్వమును 1,000 రూపాయల జరిమానా వసూలుతో తృప్తిపడరాదు. క్రొత్తబండితో రెండు శిరస్త్రాణములీయవలయునని 2025లో కేంద్రము ప్రకటించిన ముసాయిదా అమలుజరిగి తీరవలయును. రాత్రివేళ కనబడునట్లు ప్రతి స్పీడు బ్రేకరుకును తెల్లచారలు గీయింపవలయును. ఈ పనికి కావలసినది కొలదిపాటి రంగు, కొంచెము శ్రద్ధ.

తక్కిన భారము నడపువానిదే. ఇల్లు వెడలునపుడు తన తలను చూచుకొనుటకు ముందు వెనుకవారి తలను చూడవలయును. రెండవ హెల్మెట్టు లేనినాడు రెండవవారిని ఎక్కించుకొనరాదు. పగ్గములు పట్టినవానికి ఇంతకన్న చిన్న ధర్మము లేదు.