ఐచ్ఛికం ఎవరి ఇచ్ఛ? - ఉత్తర తెలంగాణ డిగ్రీ తరగతుల్లో మనోవిజ్ఞానం, చరిత్ర, కమ్యూనికేషన్

తెలంగాణ విశ్వవిద్యాలయాలలో 2016-17 విద్యాసంవత్సరం నుంచి ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ అమలులోకి వచ్చింది. అప్పటినుంచి డిగ్రీ పాఠ్యప్రణాళికలో 'ఐచ్ఛికం' అన్న మాటకు గౌరవం పెరిగింది. 2020 జాతీయ విద్యావిధానం బహుళశాస్త్ర అధ్యయనం పేరిట ఆ గౌరవాన్ని రెట్టింపు చేసింది. మనోవిజ్ఞానం, చరిత్ర, కమ్యూనికేషన్ వంటి విషయాలను ఏ కోర్సు విద్యార్థి అయినా కొంత చదవాలన్నది దీని ఆశయం. ఆశయాన్ని తప్పుపట్టలేం. అయితే ఈ మార్పుపై తెలుగు శాఖలలో జరిగిన చర్చ చాలామేరకు పనిగంటల లెక్క దగ్గరే ఆగిపోయింది. ద్వితీయ భాషకు ఎన్ని క్రెడిట్లు మిగిలాయి, ఎన్ని పోయాయి అన్నదే మన ఆందోళన. ఐచ్ఛికాలు ఏ భాషలో, ఏ ఆధారాలతో బోధింపబడుతున్నాయన్న ప్రశ్న మనది కాదనుకున్నాం. అది మనదేనని, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో తెలుగు శాఖ పాలుపంచుకోకుండా ఈ మూడు విషయాలనూ సక్రమంగా బోధించడం సాధ్యం కాదని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఎంపిక అన్న మాటను ముందుగా పరిశీలించాలి. కరీంనగర్ కళాశాలలు 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం కిందివి. ఆదిలాబాద్ కళాశాలలు వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయం కిందివి. నగరంలోని పెద్ద కళాశాలకూ, ఏజెన్సీ అంచున ఉన్న చిన్న కళాశాలకూ ఐచ్ఛికాల జాబితా ఒకటే కావచ్చు. కానీ అధ్యాపకుడు లేని విషయం జాబితాలో ఉన్నా లేనట్లే. అక్కడ ఎంచుకునేది విద్యార్థి కాదు, టైంటేబుల్. ఈ సంగతి అందరికీ తెలిసిందే కనుక ఇంతకుమించి చెప్పను. దీనికన్నా లోతైన సమస్య, దొరికిన ఆ ఒక్క ఐచ్ఛికమైనా విద్యార్థి అనుభవాన్ని తాకుతున్నదా అన్నది.

మనోవిజ్ఞానాన్ని తీసుకుందాం. ప్రత్యక్షం, స్మృతి, ఉద్వేగం, అభ్యసనం, ప్రేరణ అన్నవి మన పాఠ్యపుస్తకాలు స్థిరపరచిన పారిభాషిక పదాలు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు సమకూర్చిన కృషిని తక్కువ చేయలేం. పారిభాషిక పదం లేకుండా శాస్త్రం నిలవదు. అయితే పారిభాషిక పదానికీ నిత్యవ్యవహారానికీ నడుమ వంతెన వేయవలసిన బాధ్యత ఎవరిది? కరీంనగర్ పల్లెలో 'రంది' అంటారు. అది ఒత్తిడి కాదు, దిగులు కాదు, కుంగుబాటు కాదు. ఎదుట లేని మనిషి గురించో తేలని వ్యవహారం గురించో రోజుల తరబడి లోలోపల నలిగే స్థితి అది. 'రంది పెట్టుకున్నది' అన్నప్పుడు ఆ స్థితి మనిషిని పట్టుకున్నదా, మనిషే దాన్ని పెట్టుకున్నదా అన్న సూక్ష్మమైన ప్రశ్న ఆ క్రియలోనే ఉన్నది. 'బుగులు' భయానికి పర్యాయపదం కాదు. 'యాది' స్మృతి మాత్రమే కాదు, అందులో మమకారం కూడా ఉన్నది. గల్ఫ్‌కు పోయినవారి ఇళ్లున్న జిల్లా ఇది, సిరిసిల్ల మరమగ్గాల మధ్య ఆత్మహత్యలు చూసిన జిల్లా ఇది. ఇక్కడి విద్యార్థి మనోవిజ్ఞాన తరగతిలో 'ఒత్తిడి నిర్వహణ'కు సూత్రాలు కంఠస్థం చేస్తాడు గాని తన తల్లి రందికి ఆ శాస్త్రంలో చోటెక్కడో చెప్పలేడు. ఆ మాటల అర్థచ్ఛాయలను విడదీసి చూపగల శిక్షణ తెలుగు శాఖ దగ్గరున్నది. మనమేమో 'చివరకు మిగిలేది', 'అసమర్థుని జీవయాత్ర' నవలలను మనోవిశ్లేషణ కొలబద్దతో కొలిచి సిద్ధాంత గ్రంథాలు రాసుకున్నాం. ఆ శాస్త్రం నుంచి అప్పు తెచ్చుకోవడమే తప్ప దానికి తిరిగి ఇచ్చింది లేదు.

చరిత్ర విషయంలో మన మౌనం మరింత విచిత్రమైనది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల సమీపంలోని బొమ్మలగుట్టపై పదవ శతాబ్దపు జినవల్లభుని శాసనం ఉన్నది. పంపకవి సోదరుడైన జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటినీ ఒకే రాతిపై నిలిపాడు. అందులోని తెలుగు కందాలు నన్నయకు ముందువి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా లభించిన సందర్భంలో ఈ శాసనాన్ని మనమంతా గర్వంగా ఉటంకించాం. హోదా వచ్చింది, శాసనం గుట్టమీదే మిగిలింది. వేములవాడ చాళుక్యుల పాలన, జైనం వ్యాప్తి, బహుభాషా పోషణ అన్నవి చరిత్ర ఐచ్ఛికానికి ఇంతకన్నా దగ్గరగా ఎక్కడ దొరుకుతాయి? ఆ లిపిని, ఛందస్సును విప్పి చెప్పే పని చరిత్ర అధ్యాపకుడు ఒక్కడే చేయలేడు. ఆ పని తెలిసినవారు పక్క గదిలోనే ఉన్నారు.

ఆదిలాబాద్‌కు వస్తే ప్రశ్న తీవ్రమవుతుంది. రాంజీ గోండు, కుమ్రం భీము పేర్లు ఇప్పుడు పాఠాలలో కనిపిస్తున్నాయి. పేరు రావడం వేరు, ఆధారం రావడం వేరు. 1940లో జోడేఘాట్ పోరులో భీము మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనానికి హైమెండార్ఫ్‌ను నియోగించింది. మార్లవాయి కేంద్రంగా 1943 నుంచి నడిచిన గోండు విద్యాపథకంలో గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో, వాచకాలు తయారైనాయి. అంటే ఏ భాషలో చదువు చెప్పాలన్న చర్చ ఈ అడవుల్లో ఎనభై ఏళ్లనాటిది. ఆ తరువాత గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన ప్రతులు వెలుగు చూశాయి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషి ఆ లిపిని పండిత లోకం దృష్టికి తెచ్చింది. 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. యూనికోడ్‌లో చోటు దొరికిన లిపికి దాని సొంత జిల్లాలోని డిగ్రీ తరగతిలో చోటు దొరకకపోవడానికి కారణం సాంకేతికమైనది కాదు.

ఇక కమ్యూనికేషన్. ఈ పేరుతో నడిచే పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు శాఖకే చేరుతాయి, స్వీయపరిచయం, దరఖాస్తు, ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతాయి. అవి ఉపయోగకరమే, ఉద్యోగార్థిని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కానీ వాటినే శాస్త్రంగా చూపడం అభ్యంతరకరం. పంపేవాడు, సందేశం, అందుకునేవాడు అన్న ప్రసిద్ధ నమూనాకు మూలం 1948లో టెలిఫోన్ సంస్థ పరిశోధనాలయంలో క్లాడ్ షానన్ చేసిన రచన. తీగ మీద సంకేతం చెదరకుండా చేరడం ఆయన సమస్య. కిక్రి వాయిస్తూ గోండు దాతల ఇంట వారి వంశగాథను పాడే పర్ధాను దగ్గర ఆ నమూనా నిలవదు. వినేవాడే ఆ కథకు వారసుడు. వినడం అక్కడ ఒక బాధ్యత. ఒగ్గు కథలో వంత పలికేవాడు సందేశాన్ని అందుకుంటున్నాడా, పంపుతున్నాడా? జానపద విజ్ఞానం పేరుతో మనం వీటిని పరిశోధిస్తాం, వర్గీకరిస్తాం, పిహెచ్.డి. పట్టాలు పొందుతాం. అదే కళాశాలలో కమ్యూనికేషన్ చదివే విద్యార్థికి మాత్రం వీటి ఊసు చెప్పం.

దీనికి వచ్చే ఆక్షేపణలలో బలమైనది సాహిత్యాధ్యాపకుల నుంచే వస్తుంది. సాహిత్యం ఇతర శాస్త్రాలకు ఉదాహరణల గిడ్డంగిగా మారితే దాని స్వతంత్రత ఏమవుతుందని వారు అడుగుతారు. ఆ భయం నిరాధారం కాదు. అయితే నేడున్న స్థితి స్వతంత్రత ఎలా అవుతుంది? ద్వితీయ భాషగా ఉత్తీర్ణతకు సరిపడే మార్కుల పత్రంగా తెలుగును చూసే విద్యార్థుల ముందు మనం కాపాడుకుంటున్నది ఏకాంతం. మనకు మనోవిజ్ఞానంలో శిక్షణ లేదన్న రెండవ ఆక్షేపణకు సమాధానం సులభం: ఆ శాస్త్రాన్ని బోధించమని ఎవరూ అడగడం లేదు. ఇద్దరు అధ్యాపకులు పంచుకునే ఉమ్మడి పత్రం చాలు. పనిభారం లెక్కలో ఉమ్మడి పత్రాన్ని ఎలా చూపాలన్న చిక్కు నిజమైనదే. ఆ చిక్కును విప్పమని పాలకవర్గాన్ని అడగాలన్నా ముందు అటువంటి పత్రాన్ని మనం రాసి చూపాలి.

రెండు క్రెడిట్ల నైపుణ్యాభివృద్ధి పత్రంతోనే మొదలుపెట్టవచ్చు. కరీంనగర్ విద్యార్థి బొమ్మలగుట్ట శాసనాన్ని ప్రతిలేఖనం చేసి వ్యాఖ్య రాయాలి, లేదా తన ఊరిలో రంది, బుగులు, యాది వంటి మాటల ప్రయోగాలను సేకరించి మనోవిజ్ఞాన అధ్యాపకుని ఎదుట చర్చించాలి. ఆదిలాబాద్ విద్యార్థి ఒక మౌఖిక కథనాన్ని నమోదు చేయాలి. గోండి మాతృభాష అయినవారు దాన్ని గోండిలోనే నమోదు చేసి, వివరణ తెలుగులో ఇచ్చేందుకు నిబంధన ఉండాలి. అటువంటి జవాబుపత్రాన్ని దిద్దేందుకు గోండి తెలిసిన పరీక్షకుడు కావాలి. ఆ నిబంధననూ, ఆ పరీక్షకుని నియామకాన్నీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఎదుట తీర్మానంగా పెట్టవలసినది తెలుగు శాఖే.