తాళంచెవి ఇచ్చిందెవరు?

గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ కింద నలిగి కూలీ చనిపోతే తప్పంతా ఒక్క మాటలో తేలిపోతుంది: డ్రైవర్ నిర్లక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అతని మీద కేసు పడుతుంది, సరుకు మళ్లీ కదులుతుంది. ఏం నేర్పి ఆ బండి అప్పగించారని అడిగే నాథుడుండడు.

స్కూటర్ తోలాలన్నా లైసెన్సు కావాలి. రెండున్నర టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ తానే దాదాపు నాలుగు టన్నులు తూగుతుంది. దానికి ఆ నిబంధన లేదు. కర్మాగారంలోనో, ప్రహరీ లోపలో మాత్రమే తిరిగే ప్రత్యేక బండ్లను 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే పక్కన పెట్టింది. నిన్న బస్తాలు మోసిన హమాలీని ఇవాళ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడానికి సూపర్‌వైజర్ నోటి మాట చాలు.

ఇది కారు తోలినట్టు తోలే బండి కాదు. తిరిగేవి వెనక చక్రాలు కనుక మలుపులో వెనక భాగం పక్కనున్న మనిషి మీదికి విసురుగా వస్తుంది. బరువు పైకెత్తి మలుపు తిప్పితే ఒరిగిపోతుంది. అప్పుడు భయంతో దూకినవాడి మీదే పైచట్రం పడుతుంది. బెల్టు పెట్టుకుని సీటు వదలనివాడికే బతికే అవకాశం ఎక్కువ. ఇది నేర్పితేనే తెలుస్తుంది. అమెరికాలో శిక్షణ ఇచ్చి ధ్రువీకరించే బాధ్యత యజమానిదే. కనీసం మూడేళ్లకోసారి ఆపరేటర్ పనితీరును మళ్లీ పరీక్షించాలి.

మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు చుట్టూ గోదాములు బారులు తీరాయి. పండుగ అమ్మకాల వేళ కాంట్రాక్టు కూలీలు పెరుగుతారు, బండ్ల వేగమూ పెరుగుతుంది. నడవ మాత్రం అదే.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ పదిమంది పనిచేసే గోదాములనూ పరిధిలోకి తెచ్చింది. భద్రతాధికారి తప్పనిసరైన జాబితాలో మాత్రం కర్మాగారాలు, గనులు, నిర్మాణ పనులే ఉన్నాయి. అయితే ఏ తరహా సంస్థలోనైనా భద్రతా కమిటీ వేయించే అధికారం ప్రభుత్వాలకు ఉంది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గోదాముల విషయంలో ఆ అధికారాన్ని వెంటనే వాడాలి. శిక్షణ ధ్రువపత్రం లేనివారు ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కకూడదని నిబంధన పెట్టాలి. మనుషుల దారిని బండ్ల దారి నుంచి పసుపు గీతతో కాదు, ఇనుప కంచెతో వేరుచేయించాలి. కాంట్రాక్టర్‌ను చూపి యాజమాన్యం తప్పించుకునే వీలుండకూడదు. ప్రమాదం జరిగితే బండి నడిపినవాడి పేరుతో పాటు తాళంచెవి ఇచ్చినవారి పేరూ ఎఫ్‌ఐఆర్‌కు ఎక్కాలి.