దిక్కులకు దోషమున్నదా?

దక్షిణపు వాకిలి యనగానే మంచి యింటిబేరమును విడిచిపోవువారిని, అప్పు చేసియైనను గోడ పగులగొట్టించి గుమ్మము మార్పించువారిని పల్నాటిలో మేము పెక్కండ్రను చూచితిమి. వీరు చదువురానివారని యెవరును భ్రమపడవలదు. పట్టములు పుచ్చుకొన్నవారే యిందులో ముందున్నారు.

వీరిని మే మొకటి యడుగుచున్నాము. దక్షిణమను మాట కర్థమేమి? సంస్కృతమున నది కుడివైపు. పూర్వము ముందు, పశ్చిమము వెనుక. ఉదయసూర్యున కెదురుగా నిలిచిన మనుష్యుని దేహమే యీ పేళ్లకు మూలము. ఏ చేతితో అన్నము తినుచున్నామో, ఏ చేతితో దానము చేయుచున్నామో ఆ చేతి పేరే యీ దిక్కునకు వచ్చినది. దానికి చెల్లెలివంటి 'దక్షిణ'ను తాంబూలముతో పుచ్చుకొనునపుడు ఏ వాస్తుపండితుడును జడిసినట్లు మేము చూడలేదు.

దూరదేశపు భాషలను చూడుడు. ఫిన్లాండువారు దక్షిణమును 'ఎతెలా' యందురు. అది ముందువైపు అను నర్థముగల మాటనుండి పుట్టినది. మన పూర్వులు ఉదయసూర్యునకు మొగము పెట్టిరి, వారు మధ్యాహ్నసూర్యునకు పెట్టిరి, అంతియే భేదము. సముద్రమున కావలనున్న ఎస్టోనియాలో దక్షిణమునకు 'లౌన' యని పేరు. మధ్యాహ్నమునకును, అప్పటి భోజనమునకును అదియే పేరు. ఇక వింత యేమన, ఎతెలాకు తోడబుట్టిన 'ఎదెల్' ఎస్టోనియాలో నైరృతి. లౌనకు తోడబుట్టిన 'లౌనస్' ఫిన్లాండులో నైరృతి. అక్కచెల్లెండ్రైన యీ భాషలు దక్షిణ నైరృతులను తమలో మార్చుకొన్నవి. అందువలన ఎవరి యింట పీనుగు లేచినది?

మన తెనుగుమాట యింకను నిరాడంబరమైనది. పొద్దు పడు దిక్కు పడమర. మాచర్ల రైతు నల్లమల వెనుక పొద్దు గ్రుంకుట చూచి ఎద్దులను విప్పునే కాని శాంతి చేయింపడు. గురజాల మాచర్లవారికి ఈశాన్యము, నరసరావుపేటవారికి వాయవ్యము. ఆ యూరికి రెండు గుణములున్నవా? గుంటూరు జిల్లాలో పడమటి పట్టణముగా నుండిన నరసరావుపేట, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లాకు ముఖ్యపట్టణమై, ఆ జిల్లాలో తూర్పుననున్న ఊరైనది. ఒక్క గోడయు కదలలేదు.

అన్నింటికంటె మేము సహింపలేనిది ఆగ్నేయపు వంటిల్లు. గాలి యేవైపునుండి వచ్చునో విచారింపక, పొయ్యి ఆ మూలనే యుండవలెనని పల్నాటి వేసవిలో ఇల్లాలిని సెగలో నిలబెట్టుచున్నారు. గుమ్మము మార్పించుటకు దొరకిన అప్పు, ఆ గదికొక కిటికీ పెట్టించుటకు దొరకదట! గట్టిగా నడిగినచో, ఆ వైపు గోడను తాకరాదని సమాధానము.