ఇంటిపేరు దగ్గరే ఆగిపోయే అభిమానం

పరదేశంలో ఎవరైనా మంత్రి అయ్యాడని తెలిస్తే చాలు, మనవాళ్ళు ముందుగా ఇంటిపేరు వెతుకుతారు. రెడ్డో, నాయుడో, రావో కనబడితే "మన తెలుగుబిడ్డ" అని శీర్షిక సిద్ధం. ఆ మనిషి చేసిందేమిటన్న ప్రశ్న రెండో పేరాకు గాని రాదు. తరచు అసలే రాదు. ఈ అలవాటు మీదే నా ఫిర్యాదు. బ్లాగ్మిత్రులు కోపగించుకున్నా సరే.

ఫిజీ నాయకుడు జై రామ్ రెడ్డి సంగతే చూడండి. 1937లో లౌటోకాలో జన్మించారు. వృత్తి న్యాయవాదం. 1977లో ప్రతిపక్ష నాయకులయ్యారు. 1987లో బవాద్రా మంత్రివర్గంలో అటార్నీ జనరల్. ఆ ప్రభుత్వం బతికింది నెల రోజులు. మే 14న రబూకా నాయకత్వంలో సైనికులు పార్లమెంటులో చొరబడి దానిని కూలదోశారు. ఆ తరువాత వచ్చిన 1990 రాజ్యాంగం 70 స్థానాలలో 37 మూలవాసులకు, 27 భారతీయులకు కేటాయించి, ప్రధాని పదవిని మూలవాసులకే పరిమితం చేసింది.

తనను గద్దె దింపిన ఆ రబూకాతోనే రెడ్డిగారు చర్చలకు కూర్చున్నారు. 1997లో మూలవాసుల మహానాయక సభ ముందు నిలబడి, ఆ నేల తొలి నివాసులుగా వారి స్థానాన్ని గౌరవిస్తామని చెప్పారు. ఒక భారతీయ సంతతి నాయకుడు ఆ సభలో ప్రసంగించడం అదే మొదలు. అదే ఏడాది కొత్త రాజ్యాంగం వచ్చింది; ప్రధాని పదవికి జాతి అడ్డు తొలగింది. ఫలితం? 1999 ఎన్నికలలో భారతీయ ఓటర్లు ఆయన పార్టీకి ఒక్క స్థానం కూడా ఇవ్వలేదు. ఆ రాజ్యాంగం తెరిచిన దారిన మహేంద్ర చౌదరి ప్రధాని అయ్యారు.

"శత్రువుతో చేతులు కలిపాడు, అనుభవించాడు" అనేవారున్నారు. మరుసటి ఏడే మళ్ళీ తిరుగుబాటు జరిగింది కదా, రాజీ వల్ల ఒరిగిందేమిటని అడిగేవారూ ఉన్నారు. వారికి నా జవాబు ఒకటే. 2001లో ఫిజీ అప్పీలు కోర్టు ఆ రాజ్యాంగం రద్దు కాలేదని తీర్పునిచ్చింది. తుపాకికి ఎదురుగా న్యాయస్థానం చూపగలిగిన కాగితం ఆ రాజీ నుండి పుట్టినదే. 2009లో దానిని రద్దు చేశారు, నిజమే. అయితే రాజ్యాంగాన్ని చించినవారి నేరాన్ని రాసినవారి ఖాతాలో వేయడం ఏ న్యాయం?

కాచిగూడలో కూర్చుని ఫిజీ గొడవ మనకెందుకు అనకండి. 1952లో ముల్కీ ఉద్యమాన్ని, 1969లో తెలంగాణ ఉద్యమాన్ని చూసిన నగరం మనది. ఈ నేల ఎవరిది, వచ్చినవాడి వాటా ఎంత అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. అబిడ్స్ నుండి నాంపల్లి దాకా ఎవరిని కదిపినా ఏదో ఒక పక్షం వకాల్తా పుచ్చుకుంటారు. స్థానికుడి భయాన్ని గుర్తించడం లొంగుబాటు కాదని, వచ్చినవాడి హక్కును అడగడం దురాక్రమణ కాదని ఒకే నోట చెప్పగలిగినవారు ఎందరు? రెడ్డిగారు చెప్పారు. చెప్పినందుకు మూల్యం సొంతవారి ఓటుతోనే చెల్లించారు.

ఆ తరువాత ఆయన రువాండా నరమేధాన్ని విచారించిన అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశారు. 2022 ఆగస్టులో ఆక్లండ్‌లో కన్నుమూశారు. అదే ఏడాది డిసెంబరులో రబూకా మళ్ళీ ప్రధాని అయ్యారు. 1987 నాటి తిరుగుబాటుకు 2023లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు. వినవలసిన మనిషి అప్పటికి లేరు.

ఆయన పూర్వీకులది ఏ ఊరు, ఏ కులం అని దయచేసి ఆరా తీయకండి. ఆయన మనవారని చెప్పుకోవాలన్న ఉబలాటం ఉంటే, ముందు మన వీధిలో మన పక్షానికి నచ్చని మాట ఒకటి, ఎదుటివారి సభలో నిలబడి చెప్పి రండి. బంధుత్వం సంగతి అప్పుడు చూద్దాం.