మెడపట్టీ మీది దేశము

విశాఖపట్టణపు జగదంబ కూడలి పరిసరములలోని బట్టల దుకాణములలో ఏ చొక్కానైనను చేతికెత్తుకొని ధర యడిగినచో, వర్తకుడు మొదట చెప్పు మాట తరచుగా నొక్కటియే: "ఇది ఎక్స్‌పోర్టు సరుకండి, లోకల్ కాదు." ఈ మాటను నేను అనేక సంవత్సరములుగా వినుచున్నాను, వినిన ప్రతిసారియు దానిలోని వైపరీత్యము నన్ను ఆలోచింపజేయుచునే యున్నది. ఎగుమతి సరుకనగా మన దేశమున, మన మనుష్యులు, పరదేశీయుల కొఱకు కుట్టిన సరుకు. అది లోకల్ కాకపోవుట యెట్లు? ఒకే దేశము, ఒక్కొక్కప్పుడు ఒకే ఊరు, రెండు తరగతుల వస్త్రములను కుట్టి యిచ్చుచున్నదని ఆ వర్తకుడే ఒప్పుకొనుచున్నాడు. అట్లయ్యును గుణము దేశమును బట్టి యుండునని వాని విశ్వాసము. మన విశ్వాసమును అదియే.

రేవుపట్టణమగుట చేత ఈ విశ్వాసము విశాఖలో మఱింత లోతుగా వేరూనినది. 1933లో పెద్ద యోడలకు తెరువబడిన ఈ రేవున దిగిన నావికులు తమ పెట్టెలలో తెచ్చిన వస్తువులన్నిటికిని 'ఫారిన్ సరుకు' అను ఒక్క పేరే చాలెడిది. ఆ పేరు విన్న పిమ్మట దారము లాగి చూచువారు గాని, కుట్టు తిరగవేసి చూచువారు గాని అరుదు. అయితే అంతకు పూర్వము ఇదే తీరమున గౌరవము ఎదురుదిక్కుగా ప్రవహించినది. 13వ శతాబ్దమున, మోటుపల్లి రేవు గల రుద్రమదేవి రాజ్యమును వర్ణించుచు మార్కో పోలో ఇచ్చటి సన్నని బట్టలను సాలెగూటితో పోల్చినాడు. 17వ శతాబ్దమున భీమునిపట్టణమున డచ్చివారును, విశాఖపట్టణమున ఆంగ్లేయులును కోఠీలు నెలకొల్పుకొనుటకు ఈ మండలపు నేతబట్టలు ఒక ముఖ్యకారణము. నేల మారలేదు, పత్తి పండుట మానలేదు. దేశము పేరునకు గల ప్రతిష్ఠ మాత్రము తలక్రిందులైనది.

వస్తువుల మీద దేశము పేరు వేయు ఆచారము పుట్టిన తీరు గమనింపదగినది. 1887లో బ్రిటిషు పార్లమెంటు, చౌకరకములని తాను తలచిన జర్మను వస్తువులను తన ప్రజలు గుర్తుపట్టి దూరముగా నుంచుటకై, బ్రిటిషు పేరు గాని గుర్తు గాని గల పరదేశ వస్తువుల మీద అవి తయారైన దేశము పేరు ముద్రింపవలెనని శాసించినది. హెచ్చరికగా పుట్టిన ఆ ముద్రయే కొన్ని దశాబ్దములలో జర్మను వస్తువులకు కీర్తిముద్రగా పరిణమించినది. వస్తువులు బాగుపడిన కొలది అక్షరముల యర్థము మారినది. అక్షరములు వస్తువులను బాగుచేయలేదు.

ఇక మన ముంగిటి సంగతి. శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ అచ్యుతాపురమున, నాటి విశాఖ జిల్లాలో, నేటి అనకాపల్లి జిల్లాలో, సుమారు వేయి యెకరముల ప్రత్యేక ఆర్థిక మండలిలో వస్త్రనగరము నెలకొల్పినది. తెల్లవారకముందే చుట్టుపట్ల పల్లెల కూడళ్లలో కంపెనీ బస్సు కొఱకు టిఫిను డబ్బాలతో నిలుచు వేలకొలది స్త్రీల చేతులలో అమెరికా, యూరపు దుకాణముల దుస్తులు రూపొందుచున్నవి. పెట్టుబడి సింహళ దేశపుది, నేల మనది, నమూనా కొనుగోలుదారుది, తొడుగువారు వేఱొక ఖండమువారు. ఇన్నిటి నడుమ మెడపట్టీ మీద నిలుచు దేశము పేరు, సామాన్యముగా ఆ వస్త్రము కత్తిరింపబడి కుట్టబడిన దేశముది మాత్రమే. పత్తి యెక్కడ పండినదో, నూలెక్కడ వడుకబడినదో, రంగెక్కడ వేయబడినదో ఆ పట్టీ చెప్పదు. గుణమును నిర్ణయించునది కొనుగోలుదారు వ్రాసి పంపిన నిబంధనల పత్రము: ఎంత బరువు గుడ్డ, అంగుళమునకెన్ని కుట్లు, ఉతికిన పిమ్మట ఎంతవఱకు కుదించుకొనవచ్చును, ఎన్ని లోపములున్నచో సరుకంతయు త్రిప్పి పంపబడును. ఆ పత్రములో రెండు పంక్తులు సడలించినచో, అదే కుట్టుయంత్రము మీద అదే చేయి అంతకంటె తక్కువ రకపు చొక్కాను కుట్టును.

ఇంకను సందేహమున్నవారు పొందూరు పోయి చూడవలెను. శ్రీకాకుళం జిల్లాలోని ఆ గ్రామమున స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ వేఱుచేసి, ఏకి, నూఱు కౌంటు దరిదాపుల సన్నని నూలును రాట్నము మీద వడుకుదురు. మగ్గమెక్కకముందే ఆ నూలు ఎందఱి చేతుల మీదుగానో నడచివచ్చును. ఆ పంచె మీద వ్రాయవలసిన దేశము పేరును, రెండు ఉతుకులకు రంగు వెలిసి కాజాలు విడిపోవు చౌక చొక్కా మీది దేశము పేరును ఒక్కటియే. ఆ పేరు ఈ రెండింటి భేదమును చెప్పలేనప్పుడు, ఇటలీకిని బంగ్లాదేశమునకును నడుమ గల భేదమును మాత్రము చెప్పగలదని నమ్ముటకు ఆధారమేమి?

ధరయును గుణమును చెప్పదు. కుట్టుకూలి అమ్మకపు ధరలో అత్యల్పాంశము. తక్కినది గుడ్డ, రవాణా, సుంకము, అంగడి యద్దె, ప్రకటనలు, పేరుగల సంస్థ లాభము. 2025 ఆగస్టు 27 నాడు అమెరికా ప్రభుత్వము భారతీయ వస్తువులనేకముల మీద సుంకమును 50 శాతమునకు పెంచినది. ముందునాటి చొక్కాకును మరునాటి చొక్కాకును నడుమ ఒక్క పోగైనను భేదము లేదు. భారము మాత్రము రాత్రికి రాత్రి పెరిగినది.

అయితే దేశము పేరు నిరర్థకమని నేననను. స్వదేశీ యుద్యమకాలమున మాంచెస్టరు గుడ్డను కాల్చినవారు అది నాసిరకమని కాల్చలేదు. ఆ గుడ్డ వెనుక ఎవరి మగ్గము మూలబడినదో యెఱిగి కాల్చినారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపమున రాణా ప్లాజా కూలి 1,134 మంది మరణించినప్పుడు, ఎక్కడ కుట్టినారన్న ప్రశ్నకు ప్రాణముల వెల గలదని లోకమెఱిగినది. ఎవరు కుట్టినారు, ఎట్టి కప్పు క్రింద, ఏ కూలికి అనునవి దేశము పేరు వెంట అడుగవలసిన ప్రశ్నలు. వానిని విడిచి మనము మన్నికను గూర్చి అడుగుచున్నాము. మన్నిక దేశము పేరునకు తెలియని విషయము.

మన్నికను తెలుపు ముద్ర ఎట్లుండునో తెలియుటకు విశాఖకే చెందిన మఱియొక వస్తువును చూడుడు. గాజువాకలో ఇల్లు కట్టువాడు ఉక్కు ఊచ కొన్నచో, ఆ ఊచ మీదనే దాని తరగతి యచ్చుపడి యుండును. 500 అను అంకె చదరపు మిల్లీమీటరునకు కనీసము 500 న్యూటనుల బలమును సూచించును. కర్బనమెంత, గంధకమెంత, భాస్వరమెంత యని తెలుపు పరీక్షాపత్రమును అతడు అడిగి తీసికొనవచ్చును. ఎగుమతి వస్త్రములకును ఇట్టి పరీక్షలు జరుగుచునే యున్నవి. కాని ఆ ఫలితము కొనుగోలు సంస్థకు చేరును గాని తొడుగువానికి చేరదు. యూరపు సమాఖ్య 2024లో చేసిన శాసనము ప్రకారము వస్తువుల వెంట వాని చరిత్రను తెలుపు డిజిటల్ పత్రము రానున్నది, వస్త్రములు అందు ముందువరుసలోనివి. అచ్యుతాపురమున కుట్టబడి యూరపునకు పోవు చొక్కా వెంట ఆ పత్రము పోయినప్పుడు, విశాఖలోని పూర్ణా మార్కెట్టులో అమ్ముడగు చొక్కాకు అది యేల యుండరాదు? మన ప్రభుత్వము దీనిని శాసింపవలెనని నా దృఢమైన కోరిక.

అంతవఱకు నాకు నమ్మకమిచ్చునవి ఎగుమతిలో మిగిలి, మెడపట్టీ కత్తిరింపబడి అంగడికి వచ్చు చొక్కాలే. వాని మీద కంపెనీ పేరుండదు, దేశము పేరుండదు. మొన్న ఒక వృద్ధురాలు అట్టి దానిని తీసి, లోపలి వైపు తిరగవేసి, దీపము క్రిందకు పట్టి, చంక కుట్టును రెండు చేతులతో లాగి, బొత్తాముల నొక్కొక్కటిగా త్రిప్పి చూచి, తడి వ్రేలితో రంగు రుద్ది, అప్పుడు ధర యడిగినది. "ఎక్స్‌పోర్టు సరుకమ్మా" అని వర్తకుడు మొదలిడినాడు. ఆమె విననట్లు, రెండవ చొక్కాను తిరగవేయుచున్నది.